గోడకు పట్టిన నెమ్ము – ఎక్కడినుంచి వస్తుంది, ఎలా పోతుంది?

డిశ్చార్జి రోజున మీ చేతికి ఒక చీటీ ఇస్తాం. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ఏం తినాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో అందులో రాసి ఉంటుంది. అందులో లేని ప్రశ్న ఒకటుంది. ఇంటికి వెళ్ళాక రోగి మంచం ఏ గదిలో, ఏ గోడ పక్కన వేస్తారు?

వెంకటగిరికోట చుట్టుపక్కల పల్లెల నుంచి దగ్గు, ఆయాసంతో ఉన్న పిల్లలను తీసుకొచ్చే తల్లులను ఈ మాట అడిగితే ముందు ఆశ్చర్యపోతారు. కాసేపు ఆలోచించి, "వానాకాలం వస్తే ఆ గది గోడ నెమ్మెక్కుతుందండీ. అయినా గోడకూ దగ్గుకూ ఏం సంబంధం?" అంటారు. సంబంధం ఉంది. మందులు సరిగ్గా వాడుతున్నా బిడ్డకు ఆయాసం మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఒకసారి గోడ వైపు కూడా చూడాలి.

గోడలో నెమ్ము, ఛాతీలో నెమ్ము

మనం ఒకే మాటను రెండు చోట్ల వాడతాం. గోడ తడిస్తే నెమ్మెక్కింది అంటాం. బిడ్డకు న్యుమోనియా వస్తే నెమ్ము చేసింది అంటాం. మాట ఒకటే గానీ సంగతి వేరు. న్యుమోనియా సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది. గోడలోని నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కదు.

అయితే తడిగోడ ఊరికే ఉండదు. దాని మీద బూజు పెరుగుతుంది. బూజంటే ఇక్కడ సాలెపురుగు అల్లేది కాదు. నిలవ రొట్టె మీద, సరిగ్గా ఊరని ఆవకాయ మీద కనిపించే బూజు. నలుపు, పచ్చ, బూడిద రంగు చుక్కలుగా మొదలై మెల్లగా పాకుతుంది. కంటికి కనిపించనంత చిన్న విత్తనాలను గాలిలోకి వదులుతుంది. ఆ గదిలో పడుకున్నవారు రాత్రంతా ఆ గాలినే పీలుస్తారు. ఆస్తమా ఉన్నవారికి శ్వాసనాళాలు బిగుసుకుని పిల్లికూతలు, తెల్లవారుజామున దగ్గు ఎక్కువవుతాయి. లేనివారికి కూడా ముక్కు కారడం, కళ్ళ దురద, తగ్గని దగ్గు రావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో తేమ, బూజు గురించి ప్రత్యేకంగా ఒక మార్గదర్శక గ్రంథం ప్రచురించింది. తేమ ఉన్న ఇళ్ళలో నివసించేవారికి దగ్గు, పిల్లికూతలు, శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు, ఆస్తమా ముదరడం ఎక్కువగా ఉంటున్నాయని అందులో తేల్చింది. ఇంత బూజు ఉంటే ఫరవాలేదు అని ఒక హద్దు మాత్రం పెట్టలేదు. ఉంటే తీసేయాలి, రాకుండా చూసుకోవాలి అన్నదే దాని సలహా. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో రెండేళ్ళ బాబు ఒకడు చనిపోయాడు. అద్దె ఇంట్లో చాలాకాలం బూజు గాలి పీల్చడమే కారణమని 2022లో అక్కడి విచారణాధికారి తేల్చారు. తేమ, బూజు గురించి ఫిర్యాదు వస్తే ఇంటి యజమాని సంస్థ గడువులోపు పట్టించుకోవాలని ఆ బిడ్డ పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది.

అందరికీ ఇంత ప్రమాదం ఉండదు. ఎవరికి ఉంటుందో తెలుసుకుంటే చాలు. పసిపిల్లలు, ముసలివారు, ఆస్తమా ఉన్నవారు, క్యాన్సరు మందులు గానీ చాలాకాలంగా స్టెరాయిడ్లు గానీ వాడుతున్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు జాగ్రత్తగా ఉండాలి. క్షయ తగ్గినవారు కూడా. కొందరికి క్షయ నయమయ్యాక ఊపిరితిత్తుల్లో చిన్న గుహలాంటి ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీలో బూజు ఉండలా పెరిగి, దగ్గితే రక్తం పడవచ్చు. అలా పడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

ఇక్కడే రెండు భయాలు తీర్చాలి. 2021లో కోవిడ్ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్‌కూ గోడ మీది నల్ల బూజుకూ రంగు ఒకటే కదా అని చాలామంది హడలిపోయారు. ఆ జబ్బులో నల్లబడేది చచ్చిపోయిన కండ. ఫంగస్ రంగును బట్టి వచ్చిన పేరు కాదది. రెండోది, నెమ్ము గది వల్ల క్షయ రాదు. క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడు గాలి ద్వారా వస్తుంది. గాలి, వెలుతురు లేని మూసిన గదిలో ఆ క్రిములు ఎక్కువసేపు నిలిచి ఉంటాయి, అంతే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైనప్పుడు ఆ జబ్బుకు మందే లేదు. గాలి, ఎండ, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. ఆ తర్వాత మద్రాసులో జరిగిన పరిశోధన ఫలితాలు 1959లో వచ్చాయి. ఇరుకైన పేద ఇళ్ళలో ఉండి మందులు వాడినవారికి కూడా శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమైందని తేలింది. కనుక ఇల్లు బాగాలేదని బెంగపడి మందు మానకండి. మందు మందే. గది బాగుంటే దగ్గు తక్కువ, నిద్ర ఎక్కువ.

పట్టుపురుగుకు చూపే శ్రద్ధ

మన వైపు పట్టుపురుగులు పెంచే ఇళ్ళకు ఈ విషయం మేం నేర్పనక్కరలేదు. ఆఖరి దశలో పురుగుల గదిలో తేమ ఎక్కువైతే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. పురుగు తెల్లగా సున్నపు ముక్కలా గట్టిపడి చచ్చిపోతుంది. అది కూడా ఒక రకం బూజు పనే. అందుకే వానరోజుల్లో పడక మీద సున్నపు పొడి చల్లుతారు, కిటికీలు తెరుస్తారు, తడి ఆకు వేయరు. అదే ఇంట్లో చంటిబిడ్డ మంచం మాత్రం నెమ్ము గోడకు ఆనించి, కిటికీ మూసి, తడిబట్టలు ఆ గదిలోనే దండెం మీద ఆరేసి ఉంటాయి. తప్పు పట్టడానికి కాదు చెప్పేది. పురుగుకు తెలిసిన సూత్రమే బిడ్డకూ పనికొస్తుందని.

ముందు నీరు వచ్చే దారి కనుక్కోండి

నెమ్ము గోడను చూడగానే అందరూ చేసే పని మేస్త్రీని పిలిచి పుట్టీ కొట్టించి రంగు వేయించడం. ఒక పండగకు బాగుంటుంది. మరుసటి వానలకు పెచ్చులు లేస్తాయి. గోడలోకి నీరు రావడం ఆగకుండా పైన ఏం పూసినా దండగే. నీరు నాలుగు దారుల్లో వస్తుంది. ఏ దారో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కరలేదు. మచ్చ ఎక్కడుంది, ఎప్పుడు పెరుగుతోంది, ఈ రెండూ పది రోజులు గమనిస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మచ్చ కప్పు మీద గానీ గోడ పైభాగంలో గానీ ఉండి, వాన పడిన ఒకటి రెండు రోజులకు పెరిగి, అంచున గోధుమరంగు గీత కనిపిస్తే నీరు పైనుంచి వస్తోంది. మిద్దె ఎక్కి చూడండి. ఎక్కువసార్లు కారణం చాలా చిన్నదిగా ఉంటుంది. నీళ్ళు బయటకు పోయే గొట్టం మూతిలో ఆకులు, చెత్త అడ్డం పడి ఉంటాయి. పిట్టగోడకూ కప్పుకూ మధ్య సందు విచ్చుకుని ఉంటుంది. నీళ్ళ ట్యాంకు పొంగి రోజూ ఒకే చోట పడుతూ ఉంటుంది. సందు, పగుళ్ళు మూయించి, వాలు సరిచేయిస్తే చాలు. ఈ పని వేసవిలో చేయించుకోవాలి. నైరుతి వానలు పోయాక మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు కూడా ఉంటాయి కదా, గోడలు ఆరే సమయం మనకు తక్కువ.

మచ్చ స్నానాలగది అవతలి గోడకు గానీ, కుళాయి, సింకు దగ్గర గానీ ఉండి, ఎండాకాలంలో కూడా ఆరకపోతే గొట్టం కారుతోంది. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. ఎవరూ వాడకుండానే తెల్లారేసరికి నీరు తగ్గితే అనుమానం నిజమే. కారుతున్నది మరుగుదొడ్డి గొట్టమైతే అది కేవలం తడి కాదు, మురుగు. వెంటనే బాగుచేయించాలి.

మూడోది, అందరినీ ఎక్కువగా ఏడిపించేది, నేల నుంచి పైకెక్కే తడి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక, మట్టి, సిమెంటు నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. నేల దగ్గర మొదలై సుమారు మూడడుగుల ఎత్తు వరకు గోడ పొడవునా పట్టీలాగా కనిపిస్తుంది. దాని పైఅంచున తెల్లగా ఉప్పులాంటి పొడి పూస్తుంది. చేత్తో రాస్తే గార పొడిపొడిగా రాలుతుంది. దీన్నే మనవాళ్ళు చౌడెక్కింది అంటారు. సరైన మాటే. నేలలోని, బోరు నీళ్ళలోని లవణాలు తడితో పాటు పైకొచ్చి, తడి ఆరిపోయాక గోడ మీద మిగిలిపోతాయి. లోపల గట్టిపడి ఉబ్బి గారను నెట్టేస్తాయి. తమాషా ఏమిటంటే, రాయలసీమ పాత మట్టిమిద్దెల మీద వానలకు ముందు చౌడుమన్ను పోసేది నీళ్ళు కారకుండా ఉండటానికే. మిద్దె మీద కాపాడే చౌడు గోడలో చేరితే గోడను తింటుంది.

పాత ఇళ్ళలో పునాదికీ గోడకూ మధ్య తడిని ఆపే పొర ఉండదు. కొత్త ఇళ్ళలో ఉన్నా ఫలితం లేకుండా పోయే కారణం ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా పైనే వేస్తారు. రోడ్డు అంగుళం అంగుళం పెరుగుతుంది, ఇల్లు అక్కడే ఉంటుంది. కొన్నాళ్ళకు మూడు మెట్లు ఎక్కి వెళ్ళే ఇంటికి ఒక మెట్టు మిగులుతుంది. మురుగుకాలువ నీరు గోడ మొదట్లో నిలుస్తుంది. మీ వాకిలి ముందు నిలబడి ఒకసారి చూడండి, రోడ్డు ఎత్తా, మీ ఇంటి నేల ఎత్తా?

దీనికి మందు గోడ బయట మొదలవుతుంది. గోడ మొదట్లో నీరు నిలవకుండా వాలు చేయించండి. పాత్రలు తోమే చోటు, పశువుల తొట్టి, పూలమొక్కల పాదులు గోడకు దూరంగా జరపండి. గోడకు ఆనించి పోసిన మట్టి, ఇసుక తీసేయండి. మట్టం సరిచేయలేకపోతే గోడ వెంట అడుగు వెడల్పున తవ్వి కంకర నింపి, నీరు ఒక పక్కకు పోయేలా చేసినా మేలే. ఆ తర్వాత లోపలికి రండి. చెడిన గారను మచ్చ పైఅంచు కంటే ఇంకో అడుగు పైదాకా చెక్కించేయండి. ఇటుక కనిపించేలా ఒక వేసవి అంతా వదిలేయండి. చూడటానికి బాగుండదు, చుట్టాలు అడుగుతారు. అడగనివ్వండి. పైకొచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి బయట పారేయాలి, నీళ్ళతో కడగకూడదు. కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. ఆరిన తర్వాతే కొత్త పూత. గోడలో రంధ్రాలు వేసి తడిని ఆపే మందు ఎక్కించే పద్ధతి కూడా ఉంది. తెలిసినవారు చేస్తే పనిచేస్తుంది, కానీ బయట నీరు నిలుస్తూ ఉంటే దానికి డబ్బు పెట్టకండి.

కింది మూడడుగులకు టైల్సు అతికించడం, ఎనామిల్ రంగు వేయడం, ప్లాస్టిక్ షీట్లు బిగించడం చాలా ఇళ్ళలో చూస్తుంటాం. అవి తడిని ఆపవు, దాచిపెడతాయి. బయటకు పోయే దారి మూసుకుపోయి తడి ఇంకా పైకెక్కుతుంది. పాత ఇళ్ళలో సంక్రాంతికి సున్నం కొట్టే అలవాటు ఊరికే పెట్టలేదు. సున్నం పూసిన గోడ గాలి పీలుస్తుంది, తడి మెల్లగా బయటకు పోతుంది. పైగా సున్నపు ఘాటుకు బూజు అంత తేలిగ్గా మొలవదు. మట్టిగోడలకు, పాత ఇటుక గోడలకు ఈనాటికీ ఖరీదైన రంగుల కంటే సున్నమే మేలని మా అభిప్రాయం.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు పునాది రోడ్డు కంటే బాగా ఎత్తులో ఉండేలా, గోడ మొదలుపెట్టే ముందు తడిని ఆపే సిమెంటు కాంక్రీటు పొర తప్పకుండా పడేలా దగ్గరుండి చూసుకోండి. మేస్త్రీలు దాన్ని డీపీసీ అంటారు. అప్పుడు కొద్ది ఖర్చు. తర్వాత దానికి సాటి వచ్చే పని ఏదీ లేదు.

నాలుగోది నీటి ఆవిరి. మన ప్రాంతం సముద్రమట్టానికి 2000 అడుగులకు పైన ఉన్న పీఠభూమి. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు చలి బాగా ఉంటుంది. ఒక గదిలో ఐదుగురు పడుకుని కిటికీలు మూసేస్తే వాళ్ళ ఊపిరిలోని ఆవిరి, వంట ఆవిరి, ఆరేసిన బట్టల తడి అన్నీ కలిసి చల్లటి సిమెంటు గోడ మీద చెమర్చినట్టు నిలుస్తాయి. చల్లని నీళ్ళ చెంబు బయట తడి చేరినట్టే. ఈ రకం నెమ్ముకు ఉప్పు పూయదు. గది మూలల్లో, బీరువా వెనుక, మంచం తలవైపు నల్లచుక్కల బూజు మాత్రం వస్తుంది. దీనికి మేస్త్రీతో పని లేదు. పగలు కిటికీలు ఎదురెదురుగా తెరవండి. వంట చేస్తున్నప్పుడు వంటింటి తలుపు వేసి కిటికీ తీయండి. బట్టలు బయట ఆరేయండి. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి.

తడి గోడ లోపలినుంచి వస్తోందో గదిలోని ఆవిరో తేల్చుకోలేకపోతే ఒక సులువైన పరీక్ష ఉంది. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పెట్టి నాలుగు వైపులా సందు లేకుండా టేపు అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి. కాగితం పైన, అంటే గది వైపు తడి ఉంటే అది గదిలోని ఆవిరి. కాగితం వెనుక, గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది.

ఈ చూసి, ఆగి, మళ్ళీ చూసే పద్ధతి కొత్తది కాదు. బైబిలులో లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడల మీద పచ్చగా, ఎర్రగా వచ్చే మచ్చల గురించి ఉంది. ముందు ఇల్లు ఖాళీ చేయిస్తారు. యాజకుడు వచ్చి గోడ చూసి ఏడు రోజులు ఇల్లు మూయిస్తాడు. మళ్ళీ వచ్చి చూసి, మచ్చ పాకి ఉంటే ఆ రాళ్ళు తీయించి, లోపలి పూత గీయించి, ఊరి బయట పోయిస్తాడు. ఆ తర్వాతే కొత్త రాళ్ళు, కొత్త పూత. పూత ఆఖరి పని. మనం దాన్నే మొదటి పని చేసుకుంటున్నాం.

బూజు తుడిచే రోజున

నీరు ఆగిన తర్వాత బూజును తీసేయాలి. ఆ రోజు రోగిని, పిల్లలను వేరే గదికి గానీ పక్కింటికి గానీ పంపండి. ఆస్తమా ఉన్నవారు ఈ పని చేయకూడదు. చేసేవారు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని కిటికీలు తెరవాలి. పొడి చీపురుతో దులపవద్దు, విత్తనాలు ఇల్లంతా ఎగురుతాయి. సబ్బు కలిపిన నీళ్ళలో గుడ్డ ముంచి తుడిచి, గట్టిగా రుద్ది, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఆ గుడ్డలు మళ్ళీ వాడవద్దు. చాలా ఇళ్ళకు సబ్బునీళ్ళే సరిపోతాయి. బ్లీచింగ్ వాడదలిస్తే పలుచగా కలుపుకోండి. దాన్ని బాత్రూం కడిగే యాసిడ్‌తో గానీ మరే క్లీనరుతో గానీ ఎన్నడూ కలపవద్దు. విషవాయువు వస్తుంది. మురికి రెండింతలు తొందరగా పోతుందని మూసిన గదిలో రెండూ కలిపితే ఊపిరాడక పడిపోతారు. బూజు పట్టిన చాపలు, పాత దూది పరుపులు శుభ్రపడవు, పారేయడమే మంచిది. మిగిలిన పడకబట్టలు వారానికోసారి ఎండలో వేయండి.

ఆలస్యం చేయకూడని రెండు సంగతులు

నెమ్ము గోడలో స్విచ్చిబోర్డు ఉంటే, ముట్టుకుంటే జిల్లుమంటుంటే, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తడిచేతులతో, చెప్పుల్లేని కాళ్ళతో ఆ గోడను తాకకూడదు.

రెండోది మట్టిగోడలు. విడవని వానలకు నానిన మట్టిగోడ కింద భాగం మెత్తబడి, పైభాగం బరువు మోయలేక కూలుతుంది. గోడ పొట్ట ఉబ్బినట్టు కనిపించినా, కొత్తగా పగులు విచ్చుకున్నా, తలుపు చట్రంలో బిగుసుకుని మూసుకోకపోయినా ఆ రాత్రి ఆ గదిలో పడుకోవద్దు. 2021 నవంబరు వానల్లో కదిరిలో ఒక భవనం కూలి, నిద్రలో ఉన్న పిల్లలతో సహా పలువురు చనిపోయారు. సామాను తర్వాత తెచ్చుకోవచ్చు.

డబ్బు ఇప్పుడే లేకపోతే

అద్దె ఇల్లు, యజమాని వినడు. సొంత ఇల్లే, ఈ పంటకు డబ్బు లేదు. మాకు తెలుసు. అలాగైతే ఈ రోజే చేయగలిగినవి చేయండి. రోగి మంచం నెమ్ము గోడకు అడుగు దూరం జరపండి, వీలైతే ఎండ పడే గదికి మార్చండి. మిద్దె మీది గొట్టం మూతిలోని చెత్త తీయండి. గోడ మొదట్లోని నీటికి పారతో చిన్న కాలువ తీయండి. వీటికి రూపాయి ఖర్చు లేదు.

మందులు మాత్రం గోడ బాగయ్యేదాకా అని ఆపవద్దు. ఇన్‌హేలర్ వాడమంటే వాడండి. రెండు వారాలకు మించిన దగ్గును గోడ మీదికి నెట్టేయకుండా కఫం పరీక్ష చేయించండి. బిడ్డ ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోయినా, పెదవులు నీలంగా మారినా అర్ధరాత్రయినా తీసుకురండి.

మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఒక కాగితం మీద రాసుకురండి. దగ్గు ఏ వేళకు ఎక్కువ, బయట ఊరికి వెళ్ళినప్పుడు తగ్గిందా, ఆ గదిలో పడుకోగానే మళ్ళీ మొదలైందా, గోడ మచ్చ పెరిగిందా తగ్గిందా. ఫోను ఉంటే గోడను ఫోటో తీసుకురండి, డాక్టరుగారికి చూపించండి. సిగ్గుపడాల్సిన పని లేదు. ఓపీలో ఎక్స్‌రేలు చూసినంత జాగ్రత్తగానే మేం ఆ ఫోటోలు కూడా చూస్తాం.